రెప్ప వెయ్యని కెమెరా

దలెండాకి ముప్ఫై మూడేళ్ళు వచ్చేదాకా నలుగురిలో తల దించుకోవాల్సిన అవసరం పడలేదు. తండ్రి ముంజీ ఎడారి అంచున ఉన్న కెబిలీ ఊరి బజారులో రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. పదేళ్ళ పిల్లప్పుడే అతని పక్కన బల్లమీద కూర్చుని తెగిన తీగ ఎక్కడుందో వేలితో చూపించేది. "డేగ చూపు దీనిది" అని కొట్టుకి వచ్చినవాళ్ళ దగ్గర మురిసిపోయేవాడు తండ్రి. స్ఫాక్స్‌లో చదువుకుంది. గాబెస్‌లో ఎండుభూముల మీద పరిశోధన చేసే ఒక చిన్న కేంద్రంలో ఉద్యోగం దొరికింది.

అక్కడ కూతురు చేసే పనేమిటో తల్లి సలూహాకి ఏళ్ళు గడిచినా అంతుపట్టలేదు.

"డ్రోన్ ఎగరేస్తావా?"

"లేదమ్మా, ఎగరేసేది మాతో పనిచేసే వాజ్దీ. డ్రోన్ పొట్ట కింద కెమెరాలు కట్టి ఉంటాయి. అవి ఎప్పుడు కన్ను తెరవాలి, ఎంత వెలుగు తీసుకోవాలి, తీసిన బొమ్మ ఏ చోటిదని రాసుకోవాలి, ఇదంతా వాటికి చెప్పే ప్రోగ్రామ్ నేను రాస్తాను."

"అంటే కళ్ళు తెరవమని చెప్పడానికి నీకు జీతం. నేను నీకు పాతికేళ్ళు రోజూ పొద్దున్నే చేసిన పని అదే. నాకెవరూ ఇవ్వలేదే."

ఆ ప్రోగ్రామ్‌కి దలెండా ఖుత్తైఫా అని పేరు పెట్టుకుంది. వానకోవెల పిట్ట అని అర్థం. అయిదేళ్ళు పట్టింది దాన్ని నిలబెట్టడానికి. డ్రోన్ గాలికి ఊగినా బొమ్మ చెదరకుండా, ఒకేసారి రెండు మూడు కెమెరాలు ఒకదానికొకటి అడ్డం రాకుండా నడిపించేది. ఎవరైనా వాడుకోమని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది కూడా. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో మంచుకొండల మీదా చిత్తడి నేలల మీదా దాన్ని వాడుతున్నామని ఉత్తరాలు రాసేవాళ్ళు. ఆ ఉత్తరాలు వచ్చిన రోజు ఆమె నడకే వేరుగా ఉండేది.

కేంద్రం అధిపతి డాక్టర్ ఫౌజియా, బిర్ స్లామా అనే ఊళ్ళో ఖర్జూర తోటల పని చేపట్టినప్పుడు అందరికన్నా సంతోషించింది దలెండాయే. సొంత జిల్లా. కెబిలీకి అరగంట దూరం. భూమి లోతుల్లోంచి ఉడుకునీళ్ళు తోడి, చల్లార్చి, సిమెంటు కాలవల్లో చెట్లకి వదులుతారు అక్కడ. నీళ్ళు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. ఏ చెట్టు దాహంతో ఉందో పైనుంచి చూసి చెప్పగలిగితే ఉన్న నీళ్ళు సరిగ్గా పంచుకోవచ్చన్నది ఫౌజియా ఆలోచన.

బిర్ స్లామాలో నీళ్ళ వంతులు పంచే నీరటి తీజానీ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. అతని తండ్రీ నీరటే. అడుగున చిల్లి ఉన్న కుండలో నీళ్ళు పోసి, అది ఖాళీ అయ్యే లెక్కన వంతులు పంచినవాడు. తీజానీ కాలానికి కుండ పోయి గడియారం వచ్చింది, అంతే. తూము గేటు తాళంచెవి నల్లతాడుకి కట్టి మెడలో వేసుకునేవాడు. ఎవరి వంతు ఎన్ని గంటలో, ఎవరి కాలవలో ఎంత నీరు ఇంకిపోతుందో అంతా అతని తలలో ఉండేది. నిప్పులాంటి మనిషని పేరు. సొంత బావమరిది వంతులో పది నిమిషాలు ఎక్కువ పారిందని మర్నాడు కోసేశాడని చెప్పుకునేవాళ్ళు.

డ్రోన్ మొదటిసారి తీసుకెళ్ళిన రోజు తీజానీ పంపుషెడ్డు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించి దలెండాని కూర్చోబెట్టాడు.

"ఎవరమ్మాయివి బిడ్డా?"

"రేడియో ముంజీ కూతుర్ని, పెదనాన్నా."

"మా రేడియోకి రెండుసార్లు ప్రాణం పోశాడు మీ నాన్న. పోయినవాణ్ణి అల్లా కరుణించాలి. సరే, ఇంత పైనుంచి చూస్తే చెట్టుకి దాహం వేసిందని దీనికి ఎలా తెలుస్తుంది? చెట్టు నోరు తెరిచి అడుగుతుందా?"

"నీళ్ళు తాగిన చెట్టుకి చెమట పడుతుంది పెదనాన్నా. చెమట పట్టిన ఆకు చల్లగా ఉంటుంది. నీళ్ళు చాలని చెట్టు వేడెక్కిపోతుంది. ఈ కెమెరాకి రంగులు కనపడవు, వేడే కనపడుతుంది."

తీజానీ తల ఊపాడు. "పనిచేసేవాడికే చెమట పడుతుంది. నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది." తరవాత కాస్త నవ్వి, "మీ మెషిన్ ఏ చెట్లు చెబుతుందో నాకు చెప్పకు. ముందు నేను చెబుతాను" అన్నాడు.

పన్నెండు చెట్లు చెప్పాడు. కెమెరా పదమూడు చూపించింది, అందులో పన్నెండూ ఇతను చెప్పినవే. మిగిలిన ఒకదాని మొదలు దగ్గర తవ్వి చూస్తే కాలవ పగిలి నీళ్ళు పక్కకి పోతున్నాయి. తీజానీ ఆ పగులు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "ఒకటి నాకన్నా ఎక్కువే చూసింది" అన్నాడు. ఆ రోజు భార్య మబ్రూకా చేత రొట్టె, ఖర్జూరాలు, మజ్జిగ తెప్పించి అందరికీ పెట్టాడు. ఎవరు కనపడినా చెప్పేవాడు: "అది అబద్ధం ఆడదు. నేను పరీక్షించాను."

మరుసటేడు వసంతంలో రాజధాని నుంచి పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఫౌజియా డ్రోన్ బొమ్మలతో కూర్చిన తోటల పటం బయటికి తీసి చూసి మొహం చిట్లించింది.

"ఈ చిల్లులేమిటి దలెండా? జల్లెడలా ఉంది."

"వేడి కెమెరా అప్పుడప్పుడు రెప్ప వేస్తుంది మేడమ్. దాని ముందు చిన్న మూత ఉంటుంది. మూసుకుని, ఆ మూత వేడిని చూసి తన లెక్క సరిచేసుకుంటుంది. ఆ క్షణం బొమ్మ రాదు."

"వచ్చేవాళ్ళకి ఇదంతా చెబుతూ కూర్చోలేను. ఆ ఒక్కరోజుకి చిల్లుల్లేకుండా చెయ్యగలవా?"

చెయ్యగలదు. ప్రోగ్రామ్‌లో ఒక్క గీత మార్చింది, ఒకే ఒక్క వరస. ఎగిరే ముందు ఒకసారి రెప్ప వెయ్యాలి, మళ్ళీ దిగాకే. పటం నున్నగా వచ్చింది. పెద్దవాళ్ళు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ గీతని మర్నాడు వెనక్కి మార్చాలని దలెండా అనుకుంది. మర్నాడు తల్లికి జ్వరం. ఆ తరవాత ఇంకేదో పని. అలా అది మరుగున పడిపోయింది.

జులైలో తోటల మీద మూడుసార్లు ఎగరేశారు. మూడుసార్లూ వాజ్దీ పడమటి వైపు పంపుషెడ్డు దగ్గర మొదలుపెట్టి, పొలం దున్నినట్టు సాలు వెంట సాలు, తూర్పు అంచున ముగించాడు. ఇరవై అయిదు నిమిషాల పని. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో కెమెరా తనే కాగిపోతోంది. రెప్ప వేసి సరిచూసుకునే వీలు లేక, తన ఒంటి వేడినంతా చెట్ల మీద రాస్తోంది. పడమటి చెట్లు చల్లగా, తూర్పు చెట్లు మూడు డిగ్రీలు ఎక్కువ వేడిగా కనపడ్డాయి. మూడుసార్లూ ఒకేలా తప్పినందువల్ల అది నిజంలాగే ఉంది.

దాన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉండింది. ఎగరేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు చేతి థర్మామీటరుతో నడిచి, తోట ఈ కొస నుంచి ఆ కొసదాకా పది చెట్ల ఆకు వేడి చూసి రాసుకోవాలి. ఆ పని దలెండాది. మొదటేడు చేసింది. ఈసారి నలభై ఏడు డిగ్రీల ఎండ. పంపుషెడ్డు చుట్టూ నాలుగు చెట్లు చూసింది. అవి కెమెరా లెక్కతో సరిపోయాయి. తూర్పు అంచుకి ఇసుకలో ముప్పావు కిలోమీటరు నడవాలి. సీసాలో నీళ్ళు వేడెక్కిపోయాయి. నాలుగు సరిపోయాక మిగిలినవి మాత్రం ఎందుకు సరిపోవులే అనుకుంది. కాగితం మీద 'నేలమీద సరిచూడటమైనది' అని రాసింది. మిగిలిన రెండుసార్లు ఆ నాలుగు చెట్లకి కూడా వెళ్ళలేదు.

సెప్టెంబరులో నీటి సంఘం గదిలో పటం గోడమీద వేసి చూపించారు. ఇరవై మంది రైతులు. తూర్పంతా దాహంతో ఎర్రగా, పడమరంతా నీళ్ళు తాగి నీలంగా ఉంది. పడమట ఎవరి చెట్లున్నాయో అందరికీ తెలుసు. తీజానీవి, అతని తమ్ముళ్ళవి.

సంఘం అధ్యక్షుడు బొగ్దాదీ గొంతు సవరించుకున్నాడు. "తీజానీ మామా, ఏమంటావు?"

"గడియారం చూసే తెరిచాను, గడియారం చూసే మూశాను."

తూర్పు తోటల సాలెం మెల్లగా అన్నాడు, "మామా, గడియారం నీ చేతికే ఉంది కదా. మేము చూడం కదా."

"సాలెం, నీ పెళ్ళికి ముందు నుంచీ నీ చెట్లకి నీళ్ళు పెడుతున్నాను."

"అందుకే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు నేను చెప్పడం లేదు, అది చెబుతోంది." గోడవైపు చూపించాడు. "అది అబద్ధం ఆడదని ఊరంతా చాటింది నువ్వే."

తీజానీ దలెండా వైపు తిరిగాడు. కోపంగా కాదు. లెక్క కుదరని మనిషి పక్కవాణ్ణి అడిగినట్టు అడిగాడు. "బిడ్డా, పొరపాటు పడే వీలేమైనా ఉందా?"

ఇరవై జతల కళ్ళు ఆమె మీదున్నాయి. ఫౌజియా కూడా చూస్తోంది. దలెండా చెప్పింది: "మూడుసార్లు చూశాం పెదనాన్నా. నేలమీద కూడా సరిచూశాం."

అతను లేచి నిలబడ్డాడు. మెడలోంచి నల్లతాడు తీశాడు. అది తలపాగాకి చిక్కుకుంటే రెండు చేతులతో నిదానంగా విడదీసుకున్నాడు. తాళంచెవి బల్లమీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

దారి పొడుగునా కారులో ఫౌజియా ఏదో మాట్లాడుతూనే ఉంది. దలెండా ఊఁ కొడుతూ కూర్చుంది. తూర్పు చెట్ల దగ్గరికి వెళ్ళలేదన్న సంగతి మాత్రం బయటపెట్టలేదు. కానీ కెమెరా తప్పు చెప్పిందని అప్పటికి ఆమెకి తెలియదు. నడవకపోయినా ఫలితం అదే వచ్చేది అని సర్దిచెప్పుకుంది. ఆ మాట పట్టుకునే చలికాలం గడిపింది.

ఫిబ్రవరిలో ఉప్పు మైదానం అంచున వేరే పని పడింది. ఆ రోజు గాలి ఎదురు తిరిగితే వాజ్దీ ఒకసారి పడమట, ఇంకోసారి తూర్పున మొదలుపెట్టాడు. పొలాల్లేవు, నీళ్ళు లేవు, మనుషుల్లేరు. ఒట్టి ఉప్పు. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూసింది దలెండా. ఒకదాంట్లో తూర్పు ఎర్రగా ఉంది, ఇంకోదాంట్లో పడమర. ఎటు ముగిస్తే అటు ఎరుపు.

ఆమెకి వెతకాల్సిన అవసరం కూడా రాలేదు. వేలు నేరుగా ఆ గీత దగ్గరికే వెళ్ళింది. అప్పటికప్పుడు గీత సరిచేసింది. ప్రతి రెండు నిమిషాలకీ రెప్ప. ప్రోగ్రామ్ కొత్త కూర్పు పంపేటప్పుడు ఏం మారిందో రాయాలి. 'చిన్న సవరణలు' అని రాసింది.

వాజ్దీ వెనకనుంచి తొంగిచూశాడు. "ఏంటి అక్కా, దెయ్యాన్ని చూసినట్టున్నావు?"

"ఏం లేదు. పాత తప్పొకటి."

"పెద్దదా?"

"చిన్నదే."

ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగ బతుకైంది దలెండాది. రేపు చెబుదాం అనుకునేది. రేపు వచ్చాక, నిన్న చెప్పనిది ఇవాళ ఎలా చెప్పడం అనుకునేది. ఎన్నాళ్ళు ఊరుకుంటే అన్నాళ్ళు మాట బరువెక్కింది. ఆఫీసుకి ఎవరో ఖర్జూరాల పెట్టె తెస్తే కడుపు బాగాలేదంది. బజారులో ముసలివాడెవడైనా తలపాగాతో ఎదురైతే వీధి మారేది. మంచి మాట వింటే మరీ కష్టంగా ఉండేది. "నువ్వు లేకపోతే ఈ కేంద్రం గుడ్డిదే" అని ఫౌజియా ఒక సమావేశంలో అంటే లేచి బాత్రూంలోకి వెళ్ళి పంపు తిప్పి నిలబడింది. పొద్దున్నే తల్లి అడిగేది: "ఎవరికైనా బాకీ పడ్డావా? ఎవరైనా ఏమైనా అన్నారా?" ఎవరూ ఏమీ అనలేదన్నదే ఆమె బాధ.

మళ్ళీ జులై వచ్చింది. బిర్ స్లామాకి వెళ్ళే రోజు జ్వరమని చెప్పి వాజ్దీని, ఇంకొకరిని పంపింది. సాయంత్రం బొమ్మలు వచ్చాయి. ఈసారి కెమెరా సరిగా రెప్ప వేసింది. పటం నిజమే చెప్పింది. పడమట ఒక ముక్క నిప్పుకణికలా ఎర్రగా ఉంది. ముప్ఫై ఒక్క చెట్లు. వాటి చుట్టూ తమ్ముళ్ళ చెట్లు ఒక మోస్తరు. ఆ ముక్క మాత్రం కాలిపోతోంది.

వాజ్దీకి ఫోన్ చేసింది. "పంపుషెడ్డు వెనక తోటకి ఏమైంది? కాలవ పగిలిందా?"

"తీజానీ ముసలాయనది అక్కా. కాలవ బాగానే ఉంది. ఆయన నీళ్ళు తీసుకోవడం లేదట."

"ఎందుకు?"

"ఇన్నాళ్ళూ తూర్పువాళ్ళ నీళ్ళు తన చేతిమీదుగా తప్పిపోయాయని, ఈ వేసవి తన వంతు వాళ్ళకి వదిలేశాడట. ఎవరూ అడగలేదట కూడా. పిచ్చిపట్టిందంటున్నారు తమ్ముళ్ళు."

దలెండా ఫోన్ పెట్టేసి ఆ ఎర్రటి ముక్కని చూస్తూ కూర్చుంది. తను సరిచేసిన కెమెరాయే తన ముందు తెచ్చి పెట్టింది దాన్ని.

మర్నాడు ఫౌజియా గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. గీత సంగతి చెప్పింది. ఫౌజియా వింటూ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఆ ఒక్కరోజుకి చెయ్యమన్నది నేనే."

"వెనక్కి మార్చనిది నేను, మేడమ్."

"నేలమీద లెక్కలు సరిపోయాయి కదా మరి?"

"పది చెట్లు చూడలేదు. నాలుగే చూశాను. అదీ ఒక్కసారి."

ఫౌజియా కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తరవాత, "ఎప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరిలో."

"ఇది జులై."

"అవును మేడమ్."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది దలెండాకి. ఫౌజియా కిటికీవైపు తిరిగి, "సంఘానికి ఉత్తరం రాద్దాం. సంతకం ఇద్దరిదీ" అంది.

"ఉత్తరం తరవాత వెళ్ళనీండి. ముందు నేను వెళతాను."

షేర్ టాక్సీ ఎక్కి కెబిలీ వెళ్ళింది, అక్కణ్ణుంచి ఇంకోటి. బిర్ స్లామా చేరేసరికి మధ్యాహ్నం. తీజానీ తన తోటలోనే ఉన్నాడు, రాలిపోయిన కాయలు ఏరి బుట్టలో వేస్తున్నాడు. కాయలు వేలెడు కూడా లేవు, ముడుతలు పడ్డాయి. ఆమెని చూసి తల ఎత్తాడు. మొహానికి కొత్తగా మందపాటి కళ్ళజోడు వచ్చింది.

"రా బిడ్డా. నీకేదో జ్వరమన్నాడు ఆ కుర్రాడు. తగ్గిందా?"

దలెండాకి నేల రెండుగా చీలితే బాగుండుననిపించింది. "తగ్గింది పెదనాన్నా."

"మబ్రూకా టీ పెడుతుంది, ఉండు." తన కళ్ళజోడు చూపించాడు. "గాబెస్ వెళ్ళి చూపించుకున్నాను. పొర పట్టిందన్నాడు డాక్టరు. అదే అయ్యుంటుంది. గడియారం ముల్లు ఎక్కడుందో సరిగ్గా కనపడక, మా వైపు గేటు ఆలస్యంగా మూశానేమో. తెలిసి చెయ్యలేదు, అది మాత్రం ఒట్టు. అయినా తూర్పువాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళాను. ఒక్కొక్క గడపలో నిలబడి మన్నించమన్నాను. పదకొండు ఇళ్ళు." బుట్ట కింద పెట్టాడు. "మీ మెషిన్ చెప్పకపోతే తెలిసేది కాదు. ఎవరి హక్కో మెడకి చుట్టుకుని పైకి పోయేవాణ్ణి."

ఈమె ఊహించుకున్నవన్నీ వేరు. కోపం ఊహించుకుంది, శాపనార్థాలు ఊహించుకుంది. ఆ ముసలాయన తన పటాన్ని నమ్మి, తన కళ్ళని నమ్మడం మానేసి ఉంటాడని మాత్రం అనుకోలేదు.

నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేననిపించింది. మీ కళ్ళు తప్పలేదు, కెమెరా తప్పింది. దాన్ని తప్పించింది నేను. ఫిబ్రవరి నుంచీ తెలుసు. సంఘంలో కూడా అందరి ముందూ చెబుతాను. మాటలు ఒకదానిమీదొకటి పడిపోతుంటే మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టింది.

తీజానీ కదలకుండా విన్నాడు. తరవాత అడిగాడు, "ఆ రెప్ప వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"అర సెకను."

"అర సెకను." నేలకేసి చూశాడు. "మెషిన్ అన్నాక తప్పు పడుతుంది. మా నాన్న కుండకి ఒకసారి అడుగున నాచు పట్టింది, వారంరోజులు లెక్క తప్పింది. అది సరే. నేలమీద కూడా చూశామన్నావు ఆ రోజు. నేను అడిగాను నిన్ను."

"తూర్పుకి నడవలేదు పెదనాన్నా."

"అసలు వెళ్ళలేదా?"

"వెళ్ళలేదు."

"ఎండగా ఉందా?"

"ఉంది."

"ఉంటుంది, జులై కదా" అన్నాడు. తోటలో కాలవ వైపు చూశాడు. అందులో ఇసుక తప్ప ఏమీ లేదు.

మబ్రూకా టీ పళ్ళెంతో వచ్చి ఇద్దరి మొహాలూ చూసి అక్కడే ఆగిపోయింది. తీజానీ ఆమెతో, "ఈ అమ్మాయి శుక్రవారం సంఘంలో ఏదో చెప్పాలట. అందాకా మీ చెల్లెలింట్లో ఉంటుందేమో కనుక్కో" అన్నాడు. మబ్రూకా టీ గ్లాసు దలెండా చేతికిచ్చింది. తీజానీ తనది తీసుకోకుండా బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ టీ తాగడమంత కష్టమైన పని దలెండా అంతవరకూ చెయ్యలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక సంఘం గదిలో అదే గోడ ముందు నిలబడింది. రెండు ఉప్పు పటాలూ వేసి చూపించింది. గీత గురించి చెప్పింది, నాలుగు చెట్ల గురించి చెప్పింది, ఫిబ్రవరి గురించి చెప్పింది.

బొగ్దాదీ విసుక్కున్నాడు. "ఇప్పుడు చెబితే ఏం లాభం తల్లీ? మీ చదువుకున్నవాళ్ళకి ఆటలు, మాకు ఊళ్ళో తలవంపులు."

"నీకేం తలవంపులు?" అన్నాడు వెనకనుంచి ఎవరో. "తాళంచెవి నువ్వే తీసి కొత్త నీరటికి ఇచ్చావుగా, క్షణం ఆలోచించావా?"

సాలెం లేచాడు. దలెండాని చూడలేదు. తీజానీ కూర్చున్న మూలవైపు తిరిగి, "మామా, మా గడపలో నిలబడి మన్నించమని అడిగితే మన్నించామన్నాను నేను. మా ఆవిడ ముందు, పిల్లల ముందు. పెద్ద మనసున్నవాడిలా. ఈ వేసవి నీ నీళ్ళు కూడా నా చెట్లకి పెట్టుకున్నాను" అన్నాడు. ఇంకేదో అనబోయి కూర్చుండిపోయాడు. ఆ గదిలో సిగ్గు ఒక్కరి దగ్గర ఆగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక జనం చెప్పులకేసి చూస్తూ కూర్చున్నారు.

తాళంచెవి తెచ్చి తీజానీ ముందు పెట్టారు. అతను ముట్టుకోలేదు.

"ఏడాదిగా నా చేతిని నేనే నమ్మలేదు. ఇప్పుడు అదే చేత్తో గేటు తిప్పమంటే ఎలా? ప్రతిసారీ సరిగా మూశానా లేదా అని రెండోసారి వెళ్ళి చూసుకుంటాను. అలాంటివాడు నీరటి పనికి పనికిరాడు. కొత్తవాడు బాగానే చేస్తున్నాడు, ఉండనీండి."

ఎంత బతిమాలినా వినలేదు. తూర్పువాళ్ళు పదకొండు మందీ వంతులేసుకుని ఆ శరదృతువంతా అతని తోటకి నీళ్ళు వదిలారు. దాన్ని మాత్రం కాదనలేదు. ముప్ఫై ఒక్క చెట్లలో ఆరు చచ్చిపోయాయి. రెండు అతని తండ్రి నాటినవి.

ఆ పటాల మీద అచ్చువేసిన పరిశోధన పత్రాన్ని ఫౌజియా వెనక్కి తీసుకుంది. దలెండాని పనిలోంచి తియ్యలేదు, కానీ ఆమె రాసిన ప్రతి గీతనీ ఇంకొకరు చూడాలని నియమం పెట్టింది. ఆ ఇంకొకరు దలెండా పని నేర్పిన అమ్మాయే. దలెండా ఆ అమ్మాయి పక్కన కూర్చుని, అడిగిన ప్రశ్నలన్నింటికీ జవాబు చెబుతుంది. తల్లికి మొత్తం చెప్పినప్పుడు సలూహా పిండి కలుపుతూనే, "మీ నాన్న బాగుచెయ్యలేని రేడియోని బాగుచేశానని ఎప్పుడూ ఇవ్వలేదే" అంది. ఆ మాట ఫౌజియా తిట్టకపోవడం కన్నా లోతుకి దిగింది.

ఖుత్తైఫాని వాడేవాళ్ళందరూ చూసే చోట 'చిన్న సవరణలు' అన్న మాట కొట్టేసి, జరిగినదంతా తేదీలతో సహా రాసింది దలెండా. ఊరిపేరు, మనిషి పేరు రాయలేదు. నేలమీద నడవలేదన్నది రాసింది. ఎక్కడో దక్షిణ దేశంలో మంచు కొలిచే ఒకాయన, మేమూ ఇలాగే రెప్ప ఆపేశాం, ఇప్పుడు చూసుకుంటున్నాం, ధన్యవాదాలు అని రాశాడు. ఆ ఉత్తరం చదివి ఆమెకి ఊరట కలగలేదు. చెవులు కాలాయి.

ఇప్పుడు ప్రతి జులైలోనూ బిర్ స్లామా వెళ్ళేది ఆమే. ఎవర్నీ పంపదు. పది చెట్లు కాదు, ముప్ఫై చెట్లు చూస్తుంది, తూర్పు అంచుతో మొదలుపెట్టి. సాలెం భార్య గుమ్మంలోకి వచ్చి నీళ్ళిస్తుంది. తీజానీ ఎదురుపడితే సలాం చెబుతాడు, ఆరోగ్యం అడుగుతాడు. కానీ బిడ్డా అని పిలవడం మానేశాడు. "ఇంజనీరు గారూ, పని అయిందా అండీ?" అంటాడు, ఎంతో మర్యాదగా. ఆమె అయిందండీ అని చెప్పి, చేతిలోని కాగితాల కట్ట సర్దుకుంటుంది. పోయిన ఏడాది మాత్రం అతను రెండడుగులు వెళ్ళి ఆగి, "ఆ చివరి వరసలో మూడోది, ఆకు రంగు నాకు నచ్చలేదు, ఒకసారి చూడండి" అన్నాడు. ఆమె వెళ్ళి చూసింది. ఆకు చల్లగానే ఉంది. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూసింది. అప్పుడూ చల్లగానే ఉంది. ఆ సంగతి అతనికి చెప్పాలా వద్దా అని పంపుషెడ్డు దాకా ఆలోచిస్తూ నడిచి, చివరికి వెళ్ళి అతని ఇంటి తలుపు తట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.